ఏ కాగితంతో వివాహం తెగుతుంది? జహీరాబాద్ ప్రాంతంలో విడాకుల ప్రక్రియ, వకీలు ఎంపిక

అగ్నిసాక్షిగా జరిగిన పెళ్లి అయినా, ఖాజీ చదివించిన నికా అయినా, చర్చిలో పాస్టరు జరిపించిన వివాహం అయినా, అది తెగిపోయిందని చెప్పే అధికారం ఎవరికి ఉన్నదన్న ప్రశ్నకు జహీరాబాద్ ప్రాంతంలో నేటికీ ఒకటికి మించిన సమాధానాలు వాడుకలో ఉన్నాయి. కుల పెద్దల ముందు రాసుకున్న బాండు పేపరు చాలునని కొందరు, దానిపై నోటరీ ముద్ర పడితే కోర్టు కాగితంతో సమానమని మరికొందరు, ముఫ్తీ ఇచ్చిన పత్రమే తుది మాట అని ఇంకొందరు నమ్ముతారు. ఈ నమ్మకాల్లో కొన్నింటికి చట్టంలో పరిమితమైన చోటు ఉన్నది, కొన్నింటికి అసలే లేదు. ఆ తేడా తెలియక మళ్లీ పెళ్లి చేసుకున్నవారు, పిల్లల హక్కుల కోసమో భర్త పింఛను కోసమో కార్యాలయానికి వెళ్లిన నాడు, తమ చేతిలోని కాగితానికి విలువ లేదని తెలుసుకుంటారు. కనుక విడాకుల ప్రక్రియను సమీక్షించడమంటే ప్రధానంగా ఏ కాగితం వివాహాన్ని నిజంగా తెంచుతుంది, ఆ కాగితం దాకా నడిపించే వకీలును ఎలా ఎంచుకోవాలి అన్న రెండు విషయాలను పరిశీలించడమే.

ఈ ప్రాంతపు చరిత్ర కూడా ఈ ప్రశ్నను జటిలం చేసింది. హైదరాబాద్ - పుణె జాతీయ రహదారిపై సంగారెడ్డి జిల్లా పడమటి అంచున ఉన్న జహీరాబాద్, 1956 రాష్ట్రాల పునర్విభజనకు ముందు హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో భాగం. ఆ పునర్విభజనలో జహీరాబాద్ తాలూకాలో అధిక భాగం, న్యాల్‌కల్ సర్కిలు, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి, బీదర్ పట్టణం మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. 2014లో తెలంగాణ, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు పాలనా హద్దులు మళ్లీ మారాయి గానీ పెళ్లి సంబంధాలు మాత్రం ఏ హద్దునూ లెక్కచేయలేదు. జహీరాబాద్, కోహీర్, ఝరాసంగం వైపు పిల్లను బీదర్, హుమ్నాబాద్ వైపు ఇవ్వడం, అటు పిల్లను ఇటు చేసుకోవడం తరాలుగా సాగుతున్నది. ఒకప్పుడు ఒకే జిల్లాలో ఉన్న కుటుంబాలు రెండు రాష్ట్రాల వారు కావడంతో, ఆ దంపతులు విడిపోవలసి వచ్చినప్పుడు ఏ రాష్ట్రపు కోర్టుకు వెళ్లాలన్నది మొదటి చిక్కు అవుతుంది.

దానికన్నా ముందు తేల్చుకోవలసింది ఏ చట్టం వర్తిస్తుందన్నది. హిందువులకు (చట్టం దృష్టిలో బౌద్ధులు, జైనులు, సిక్కులు ఇందులోకే వస్తారు) 1955 నాటి హిందూ వివాహ చట్టం, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, మతంతో నిమిత్తం లేకుండా రిజిస్ట్రారు ఎదుట పెళ్లి చేసుకున్నవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వర్తిస్తాయి. ముస్లింలకు వారి వ్యక్తిగత న్యాయంతో పాటు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉన్నది. క్రైస్తవ స్త్రీలకు 2001 సవరణ వచ్చేదాకా పురుషులతో సమానమైన కారణాలు లేవు. భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలేది, భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వాన్నో పరిత్యాగాన్నో రుజువు చేయవలసి వచ్చేది. పైగా జిల్లా కోర్టు ఇచ్చిన విడాకులను హైకోర్టు ఖాయం చేసేదాకా అవి నిలిచేవి కావు. మెదక్ డయాసిస్ పరిధిలో ఎన్నో క్రైస్తవ కుటుంబాలున్న ఈ ప్రాంతంలో ఆ సవరణ గురించి తెలిసినవారు తక్కువగా ఉండటం విచారకరం.

పెద్దమనుషుల పంచాయతీలో జరిగే తెగదెంపుల విషయం విడిగా చర్చించదగినది. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ రెండో ఉపవిభాగం, ఆచారం ప్రకారం లభించే విడాకుల హక్కును రద్దు చేయలేదు. తెలంగాణలోని అనేక కులాల్లో పెద్దల సమక్షంలో సంబంధం తెంచుకుని మారుమనువు చేసుకునే పద్ధతి పూర్వం నుంచి ఉన్నందున, ఈ మినహాయింపు చిన్నదేమీ కాదు. అయితే అలాంటి ఆచారం తమ కులంలో, తమ ప్రాంతంలో చాలాకాలంగా నిరాటంకంగా నడుస్తున్నదని చెప్పుకునే పక్షమే దాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి సాక్ష్యంతో రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. బాండు పేపరులో ‘మా కులాచారం ప్రకారం’ అన్న మాట రాసినంత మాత్రాన ఆచారం రుజువు కాదు. నోటరీ ముద్ర ఆ సంతకాలు ఫలానా వారివని మాత్రమే చెబుతుంది, వివాహాన్ని రద్దు చేసే శక్తి దానికి లేదు. ఆచారం ఉన్నవారు కూడా అలా తెగిన సంబంధాన్ని సివిల్ కోర్టులో ప్రకటన దావా ద్వారా, అంటే ఫలానా హోదా తమకున్నదని కోర్టు చేత చెప్పించుకునే దావా ద్వారా, ఖాయం చేసుకోవడం మేలు. ఆచారం లేనివారు రాసుకున్న కాగితం సామాను, బంగారం ఎవరికి చేరిందో చెప్పే సాక్ష్యంగా పనికిరావచ్చు, విడాకులుగా పనికిరాదు. అటువంటి కాగితాన్ని నమ్మి జరిగిన రెండో పెళ్లి చెల్లదు, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం కూడా అవుతుంది. ఈ పొరపాటు మూల్యాన్ని ఎక్కువసార్లు చెల్లించేది ఆ రెండో పెళ్లికి వచ్చిన అమాయకురాలే.

ముస్లిం కుటుంబాలు గణనీయంగా ఉన్న జహీరాబాద్‌లో గత కొన్నేళ్ల తీర్పులు తెలుసుకోదగినవి. ఒకే ఊపులో మూడుసార్లు చెప్పే తలాక్ చెల్లదని 2017 ఆగస్టులో షాయరా బానో కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, 2019 చట్టం దాన్ని మూడేళ్ల దాకా జైలు విధించదగిన నేరంగా చేసింది. భార్య తానుగా కోరుకునే విడాకులను ఖులా అంటారు. భర్త ఒప్పుకోనిదే ఖులా జరగదన్న అభిప్రాయం బలంగా ఉండేది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఖులా కోరే హక్కు భర్త అంగీకారంపై ఆధారపడినది కాదని, ముఫ్తీ పాత్ర సలహాకు పరిమితమని, వివాదం వచ్చినప్పుడు హోదాను తేల్చవలసింది కుటుంబ న్యాయస్థానమని చెప్పింది. ముఫ్తీ దగ్గర ఖులానామా కోసం ఏళ్ల తరబడి తిరిగే స్త్రీలకు ఈ తీర్పు ఎంతో ఊరట. భర్త నాలుగేళ్లుగా జాడ లేకపోవడం, రెండేళ్లుగా పోషించకపోవడం, క్రూరంగా ప్రవర్తించడం వంటి కారణాలతో 1939 చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లే దారి ఎప్పటి నుంచో ఉన్నది. ఇద్దరూ సమ్మతించి విడిపోయే ముబారాత్ కూడా గుర్తింపు పొందిన పద్ధతే.

ఇక హిందూ వివాహ చట్టం కింద దారులు రెండు. ఇద్దరూ కలిసి కోరేది ఒకటి, ఒకరు కోరగా మరొకరు ఎదిరించేది రెండోది. పరస్పర అంగీకార విడాకులను 1976 సవరణ 13-బి సెక్షన్‌గా చేర్చింది. కనీసం ఏడాదిగా విడిగా ఉంటున్నామని, ఇక కలిసి ఉండలేమని ఇద్దరూ ఉమ్మడిగా పిటిషన్ వేసి, ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు రెండోసారి కోర్టు ముందు అదే మాట చెప్పాలి. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లలో ఉండటమే కాదు, భార్యాభర్తలుగా మెలగకపోవడమని సుప్రీంకోర్టు 1991లో వివరించింది. డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చేదాకా ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చుననీ అదే తీర్పు చెప్పింది. మొత్తం సొమ్ము మొదటి దశలోనే చెల్లించాలా, రెండో దశకు కొంత ఉంచాలా అన్నది అందుకే జాగ్రత్తగా రాసుకోవలసిన షరతు. రాజీకి అవకాశం లేదని తేలి, మనోవర్తి, పిల్లల విషయాలు పరిష్కారమైనప్పుడు ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చునని 2017 సెప్టెంబరులో అమర్‌దీప్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది.

ఎదిరింపు విడాకులకు 13వ సెక్షన్‌లో చెప్పిన కారణం ఒకటైనా రుజువు కావాలి. వ్యభిచారం, శారీరక లేదా మానసిక క్రూరత్వం, రెండేళ్లకు తగ్గని పరిత్యాగం, మతం మారడం, నయంకాని మానసిక వ్యాధి, ఏడేళ్లుగా జాడ తెలియకపోవడం వాటిలో ముఖ్యమైనవి. కుష్ఠువ్యాధిని 2019లో ఆ జాబితా నుంచి తొలగించారు. పెళ్లైన ఏడాది లోపు, అసాధారణమైన కష్టం ఉంటే తప్ప, పిటిషన్ వేయరాదు. పదిహేనేళ్లు నిండకముందే పెళ్లి చేయబడిన బాలిక, పద్దెనిమిది నిండేలోగా దాన్ని నిరాకరించి ఉంటే, అదే కారణంతో విడాకులు పొందవచ్చు. బాల్యవివాహాన్ని రద్దు చేయించుకునే హక్కు, మేజరైన రెండేళ్ల వరకు, 2006 చట్టం కింద విడిగా ఉన్నది. మనసులు విరిగిపోయాయన్నది మాత్రం నేటికీ చట్టంలో కారణం కాదు. లా కమిషన్ 1978లోనే సిఫారసు చేసినా పార్లమెంటు దాన్ని చట్టంగా చేయలేదు. ఆ కారణంతో విడాకులిచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్నదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 మే 1న చెప్పింది గానీ, ఆ అధికారం కింది కోర్టులకు లేదు. ‘ఇన్నేళ్లుగా విడిగా ఉంటున్నాం, కోర్టు ఇవ్వక ఏం చేస్తుంది’ అన్న ధీమాతో వేసిన పిటిషన్లను కోర్టులు కొట్టివేయడానికి కారణం ఇదే.

కాపురానికి రావలసిందిగా కోర్టు ఆదేశించమని కోరే 9వ సెక్షన్ చరిత్రలో తెలుగువారి పేరు స్థిరంగా నిలిచింది. సినీనటి టి. సరిత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని స్త్రీని దాంపత్యానికి బలవంతపెట్టడం ఆమె వ్యక్తిగత స్వేచ్ఛను, గోప్యతను హరించడమేనని ఆ సెక్షన్‌ను కొట్టివేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. అయినా గోప్యతను ప్రాథమిక హక్కుగా 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గుర్తించడానికి ముప్పై నాలుగేళ్ల ముందే ఒక తెలుగు న్యాయమూర్తి చేసిన ఆ ఆలోచన తన కాలాన్ని మించినది. నేటి ఆచరణలో 9వ సెక్షన్ కింద వచ్చిన డిక్రీని ఏడాది పాటు పాటించకపోతే అదే విడాకులకు కారణమవుతుంది కనుక, అలాంటి నోటీసు వచ్చినప్పుడు పట్టించుకోకుండా ఊరుకోవడం ప్రమాదకరం.

ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు 19వ సెక్షన్ జవాబు చెబుతుంది. పెళ్లి జరిగిన చోట, ఎదుటి పక్షం నివసించే చోట, దంపతులు చివరగా కలిసి ఉన్న చోట, భార్యే పిటిషన్ వేస్తే 2003 సవరణ తర్వాత ఆమె నివసించే చోట కూడా దాఖలు చేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం పరిధిలోకి వచ్చే ప్రాంతమైతే అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేయాలి. ఏ మండలం ఏ కోర్టు కిందికి వస్తుందో నోటిఫికేషన్లను బట్టి మారుతుంటుంది కనుక స్థానిక వకీలు మొదట చేయవలసిన పని ఇది తేల్చడమే. బీదర్‌లో పెళ్లై తల్లిగారింటికి జహీరాబాద్ వచ్చేసిన స్త్రీ సంగారెడ్డి జిల్లాలోనే వేయగలదు. అయితే భర్త ముందుగా బీదర్‌లో వేస్తే పరిస్థితి వేరు. ఒకే రాష్ట్రంలో ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు కేసు మార్చమని హైకోర్టును అడగవచ్చు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీలోని సుప్రీంకోర్టుకే వెళ్లాలి. బస్సులో కొద్దిసేపటి దూరంలో ఉన్న పట్టణం నుంచి కేసును మార్పించుకోవడానికి దేశ రాజధాని దాకా వెళ్లవలసి రావడం ఈ సరిహద్దు మండలాల ప్రత్యేక కష్టం. ఆ ఖర్చుకు వెనుదీసి హాజరుకాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఒక పక్షం లేకుండానే ఇచ్చే తీర్పు, వస్తుంది. దాన్ని రద్దు చేయించడానికి ఉన్న గడువు సాధారణంగా 30 రోజులే.

కోర్టులో ప్రక్రియ క్రమం క్లుప్తంగా ఇది: పిటిషన్, సమన్లు, ఎదుటి పక్షం కౌంటరు, రాజీ ప్రయత్నం లేదా మధ్యవర్తిత్వం, సాక్ష్యం, వాదనలు, తీర్పు. సమన్లు అందిన నాటి నుంచి ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా ఎదిరింపు కేసులు ఏళ్లకేళ్లు నడుస్తున్నాయి. ఆ కాలమంతా జీవనానికి ఆధారమైన మనోవర్తి విషయంలో చట్టం కొంత ఉదారంగానే ఉన్నది. కేసు నడిచే కాలానికి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్, తర్వాతి కాలానికి 25వ సెక్షన్ ఉండగా, మతంతో పనిలేకుండా అందరికీ భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత 125) ఉన్నది. విడాకులైన ముస్లిం స్త్రీకి కూడా ఈ చివరి దారి తెరిచే ఉందని సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చిన కేసు తెలంగాణ నుంచి వెళ్లినదే. కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 రూపాయలు ఇవ్వమనగా హైకోర్టు 10,000కు తగ్గించింది, ఆ మాత్రమూ ఇవ్వనన్న భర్త అప్పీలు ఓడింది. ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో వెల్లడించాలని, మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలని 2020 నవంబరులో రజ్‌నేష్ - నేహా కేసులో వచ్చిన ఆదేశం ప్రతి కక్షిదారుకూ తెలియాలి. 2005 గృహహింస చట్టం కింద స్త్రీ తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులోనే నివాస హక్కును, రక్షణను కోరవచ్చు.

క్రిమినల్ కేసు విషయంలో సంయమనం అవసరం. భర్త, అత్తమామల క్రూరత్వానికి శిక్ష వేసే పాత 498-ఎ సెక్షన్ ఇప్పుడు న్యాయ సంహితలో 85వది. నిజంగా హింసకు గురైన స్త్రీకి అది అవసరమైన రక్షణ, దాన్ని వాడుకోవడానికి ఆమె సంకోచించనక్కరలేదు. అయితే బేరంలో పైచేయి కోసం ఊళ్లో లేని ఆడబిడ్డల పేర్లు కూడా చేర్చి రాయించే ఫిర్యాదు చివరకు రాయించినవారికే చేటు తెస్తుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై వెళ్లిన ఒక అప్పీలులో 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, నిరాధారమైన ఫిర్యాదులు మానసిక క్రూరత్వమేనని చెప్పి భర్తకు విడాకులిచ్చింది. ఇలాంటి వివాదాలను తొలిదశలోనే మధ్యవర్తిత్వానికి పంపాలనీ ఆ తీర్పే సూచించింది.

వకీలు ఎంపికకు ఈ నేపథ్యమంతా తెలిసి ఉండటం అవసరం. న్యాయవాదులు తమను తాము ప్రచారం చేసుకోవడాన్ని, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. అందువల్ల ‘ఆరు నెలల్లో ఇప్పిస్తా’ అనో ‘వచ్చిన మనోవర్తిలో ఇంత వాటా’ అనో చెప్పేవారికి దూరంగా ఉండటం మంచిది. మంచి వకీలు తప్పెవరిదని అడగడానికి ముందు పెళ్లి ఏ పద్ధతిలో, ఎక్కడ, ఎప్పుడు జరిగింది, చివరగా ఎక్కడ కలిసి ఉన్నారు, ఇంతకుముందు ఏ కాగితంపైనైనా సంతకాలు జరిగాయా అని అడుగుతాడు. వెళ్లేవారు శుభలేఖ, పెళ్లి ఫొటోలు, 2002 చట్టం కింద చేయించిన వివాహ నమోదు పత్రం లేదా నికానామా, పెట్టిన బంగారం, సామాను జాబితా, పంచాయతీలో రాసిన కాగితం వెంట తీసుకువెళ్లాలి. పంచాయతీ కాగితాన్ని దాచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు, ఎదుటి పక్షం దాన్ని బయటపెట్టిన రోజు కేసే తలకిందులవుతుంది.

హైదరాబాద్‌లోని పేరున్న వకీలా, స్థానికుడా అన్న సందేహం సహజం. హైకోర్టు అప్పీలుకు మొదటివారు తగినవారు కావచ్చు. కింది కోర్టు కేసు నడిచేది మాత్రం వాయిదాల మీద, ప్రతి వాయిదాకూ సమయానికి హాజరయ్యే మనిషి మీద. ఇంకొక కారణం భాష. ఈ పట్టణంలో తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి పలుకుతాయి, కానీ సాక్ష్యపు అఫిడవిట్ తరచుగా ఇంగ్లీషులో తయారవుతుంది. అందులో ఏముందో తెలియక సంతకం చేసిన మనిషి క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి వకీలు వేసే ప్రశ్నల్లో, తన అఫిడవిట్‌కే విరుద్ధంగా చెప్పి కేసు పోగొట్టుకుంటాడు. కక్షిదారు ఇంటి భాషలో ప్రతి పేరానూ చదివి వినిపించి, మార్పులు చేసి, ఆపై సంతకం తీసుకునే వకీలు చిన్న ఊరివాడైనా పెద్ద వకీలే. కుటుంబ న్యాయస్థానంలో వకీలును పెట్టుకోవడం హక్కుగా కాక కోర్టు అనుమతితో జరిగేదని 1984 చట్టం చెబుతుంది కనుక, కక్షిదారు తన కేసును తన మాటల్లో చెప్పగలిగి ఉండాలి కూడా.

ఫీజును దశలవారీగా మాట్లాడుకుని రసీదు తీసుకోవాలి. ఖాళీ కాగితాలపై సంతకాలు పెట్టరాదు, వకీలుకు కేసు అప్పగించే వకాలత్‌నామాలో కేసు వివరాలు నింపిన తర్వాతే సంతకం చేయాలి. కేసుకు కేటాయించే పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. సంఖ్యను అడిగి రాసుకుంటే, వాయిదా తేదీని ఈ-కోర్టుల వ్యవస్థలో ఎవరికి వారే చూసుకోవచ్చు. నమ్మకం పోయినప్పుడు వకీలును మార్చుకునే హక్కు ఉన్నది. ఫీజు బకాయి ఉందన్న సాకుతో ఫైలును ఆపుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. వకీలు సేవాలోపంపై వినియోగదారుల ఫోరానికి వెళ్లే వీలు లేదని 2024 మేలో తీర్పు వచ్చినందున, దుష్ప్రవర్తనపై ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కే చేయాలి.

డబ్బు లేదన్న కారణంతో ఎవరూ బాండు పేపరును ఆశ్రయించనక్కరలేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలుకు అర్హులు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అర్జీ ఇచ్చినా, 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. లోక్ అదాలత్‌లో మనోవర్తి, సామాను, పిల్లల విషయాలు రాజీ కావచ్చు గానీ విడాకులు మాత్రం దాని పరిధిలోనివి కావు. డిక్రీ వచ్చిన తర్వాత కూడా అప్పీలు గడువు తీరేదాకా మళ్లీ పెళ్లి చేసుకోరాదు. ఆ గడువు కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90 రోజులు ఉన్నందున, పెళ్లి విషయంలో ఎక్కువ గడువును, అప్పీలు విషయంలో తక్కువ గడువును పాటించడమే క్షేమం. ఇంత ప్రయాసతో సంపాదించే ఆ డిక్రీ ప్రతిని ఇరుపక్షాలకూ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కోర్టును ఆదేశిస్తున్నది.